ఏడో చెక్క ట్యాంకు

మా లొజోక్ ఊళ్ళో ఎఫీమ్ బాబాయ్ వడ్రంగానికి వంక పెట్టినవాళ్ళు లేరు, ఆయన భార్య ఉస్తీన్యా పిన్ని తప్ప. ఊరందరి కిటికీలకూ పూలూ పిట్టలూ చెక్కి బిగించిన మనిషి సొంత ఇంటి తలుపును పంతొమ్మిదేళ్ళు అలాగే వదిలేశాడు. ఎంత గట్టిగా వేసినా అది కుయ్యోమని మళ్ళీ జానెడు తెరుచుకునేది. ఊళ్ళోవాళ్ళ గొడ్డళ్ళన్నీ ఊరికే నూరిచ్చేవాడు. పిన్ని వంటింటి గొడ్డలి మాత్రం రొట్టె కూడా తెగనంత మొద్దు.

"ఊళ్ళోవాళ్ళకి ఉలి, ఇంట్లోదానికి ఉలకడు పలకడు," అని పిన్ని బావి దగ్గర దెప్పేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఆ నవ్వు మాకెంత చేటు తెస్తుందో అప్పుడు తెలియదు.

నలభై మూడో సంవత్సరం వసంతంలో జర్మన్లు ట్యాంకులతో మా రష్యాలోని కూర్స్క్ మీదికి వస్తారని కోళ్ళకు కూడా తెలుసు. ఏప్రిల్ నుంచి ఆడవాళ్ళమంతా ట్యాంకులు పడిపోయేలా కందకాలు తవ్వుతున్నాం. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. అరచేతుల్లో బొబ్బలు చితికి మళ్ళీ బొబ్బలు లేచేవి. అలాంటప్పుడు రగోజిన్ అనే కెప్టెన్ వచ్చి బాబాయిని పిలిపించాడు. ఊరి అంచున ఏడు చెక్క ట్యాంకులు నిలబెట్టాలట. జర్మన్ విమానాలు వాటిమీద బాంబులు పారేసుకుంటే, తోపులో దాక్కున్న అసలు ట్యాంకులు బతుకుతాయట.

"పైనుంచి చూస్తే ట్యాంకులా ఉంటే చాలు. దగ్గరికొచ్చి తడిమి చూసేవాడు ఎవడూ లేడు," అన్నాడు కెప్టెన్.

"నేను చూస్తానుగా," అన్నాడు బాబాయ్.

అసలు ట్యాంకును జానలతో కొలుద్దామని తోపులోకి వెళ్తే, సైనికులు ఈయన్ను గూఢచారి అనుకొని స్నానాల కొట్టంలో పెట్టి గొళ్ళెం వేశారు. సాయంత్రం కెప్టెన్ వెళ్ళి విడిపించేసరికి ఈయన లోపలినుంచే ఆ కొట్టం తలుపు సరిచేసి కూర్చున్నాడు. గడియ ఒరుసుకుంటోందట!

మా వైపు అడవి తక్కువ, కలప లేదు. అందుకని తలుపులూ గేట్లూ పోగుచేశారు. మా నేలమాళిగ తలుపు ఓక్ చెక్కది. దాన్ని ఊడదీస్తుంటే మా అమ్మ అకులీనా అడ్డం నిలబడింది.

"మా నాన్న వేయించిన తలుపు ఎఫీమ్! తాత ముత్తాతల సొత్తంతా జర్మనోడి బాంబుకు పెడతావా?"

"నా చేత్తోనే తెచ్చి మళ్ళీ బిగిస్తాను వదినా. ఒట్టు."

ఏడు ట్యాంకులూ నెలన్నరలో లేచాయి. పైనున్న మూత తెరుచుకునేది, ఫిరంగి గొట్టం పక్కకు తిరిగేది. ఆ దారిన పోతున్న ఓ లెఫ్టినెంట్ వాటిలో ఒకదాని ముందు నిలబడి, లోపలివాళ్ళు బయటికొచ్చి సలాం చేయలేదని పావుగంట తిట్టాడు. బాబాయ్ చెక్క చాటున నిలబడి మురిసిపోయాడు. ఆ మనిషి జీవితంలో అంతకన్నా గొప్ప రోజు లేదనుకుంటాను.

అంచునున్న ఏడు ఇళ్ళ వెనక, ఆపిల్ చెట్ల మధ్య తలా ఒకటి పెట్టారు. మా ఇంటి వెనక మూడోది. బాబాయ్ ఇంటి వెనక ఏడోది. ఊరు ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. సోమవారం బళ్ళు కట్టుకొని బుద్ధిగా వెళ్ళాం, బుధవారం వాగు లోయలోంచి ఒక్కొక్కరమే తిరిగి వచ్చేశాం. బంగాళాదుంపలకు మన్ను ఎగదోసే రోజులు. ట్యాంకులొస్తున్నాయని కలుపు పెరగడం మానుతుందా?

పిన్ని మాత్రం ఓ రోజు ఆ ఏడో ట్యాంకు ముందు బాబాయిని నిలదీసింది. నేను కంచె ఇవతలే ఉన్నాను, వాళ్ళ మాటలు నా చెవిన పడ్డాయి.

"ఇది చూసి జర్మనోడు బాంబు వెయ్యాలి, అంతేనా?"

"అంతే."

"ఎవరి నెత్తినయ్యా?"

ఆయన ఓ వదులు మేకును దిగగొట్టసాగాడు.

"జన్మకో పని చెడగొట్టవయ్యా, నీకు దణ్ణం పెడతాను. నా తలుపు చెడగొట్టలేదూ? అట్లాగే దీన్నీ చెడగొట్టు."

"తలుపు నేను చెడగొట్టలేదే. పూర్తిచెయ్యలేదంతే."

"పోనీ ఆ గొడ్డలైనా నూరి పెట్టు. వారం రోజులుగా అడుగుతున్నా."

"రేపు నూరుతాలే."

జూలై అయిదున ఇంకా తెల్లారకముందే ఫిరంగులు మొదలయ్యాయి. నేల అదురుతూనే ఉంది, పక్కవాళ్ళ మాట కూడా వినపడదు. మేమూ బాబాయీ రెండు కిలోమీటర్ల అవతల కందకంలో ఉన్నాం, అమ్మా పిన్నీ ఊళ్ళోనే ఉండిపోయారు. పొద్దెక్కాక విమానాలు మా ఊరిమీదికి వచ్చాయి. ఎఫీమ్ బాబాయ్ పనితనాన్ని జర్మనోడు ఎంత మెచ్చుకున్నాడో చెప్పలేను. మూడు దఫాలుగా వచ్చి, ఆరు ట్యాంకులను అగ్గిపుల్లలు చేసి పోయాడు. ఏడోదాన్ని ముట్టలేదు. దాని ఫిరంగి విరిగి మట్టిలోకి వాలి ఉంది. పాడైన ట్యాంకు మీద బాంబు దండగ అనుకొని ఉంటాడు.

మా అమ్మ నేలమాళిగలోకి దిగింది. తలుపు లేని నేలమాళిగలోకి. ఇంతకన్నా చెప్పను.

తోపులో అసలు ట్యాంకులు ఒక్కటీ పోలేదు. కెప్టెన్ పొంగిపోతూ వచ్చాడు. ఏడోదాని దగ్గర ఆగి మొహం ముడుచుకున్నాడు.

"ఇదేంటి ఎఫీమ్? కావాలని చేశావా?"

బాబాయ్ వంగి ఆ విరిగిన చోటును చాలాసేపు చూశాడు. తర్వాత ఇంటివైపు వెళ్ళాడు, కాసేపటికి వచ్చాడు. మనిషి మొహంలో రక్తం లేదు.

"నా చేతి తప్పు," అన్నాడు.

ఊరంతా విన్నది. మాకింకేం కావాలి? ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ వెనక మంచి ట్యాంకులు, తన ఇంటి వెనక చెడ్డ ట్యాంకు! మేం పంతొమ్మిదేళ్ళు నవ్వుకున్న మాటే ఇప్పుడు నేరమై కూర్చుంది.

మర్నాడు ఆయన ఏడో ట్యాంకును విప్పి, మా ఓక్ తలుపును భుజాన వేసుకొని వచ్చాడు. మా అమ్మను కాయాల్సిన తలుపు ఉస్తీన్యా పిన్నిని కాచిందన్నమాట. ఒట్టు ప్రకారం తన చేత్తోనే బిగించాడు, వెంట్రుకంత సందు లేకుండా. నేను ఆయన కాళ్ళ దగ్గర ఉమ్మాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఉమ్మాను.

యుద్ధం అయ్యాక ఊళ్ళో మొదట మా ఇల్లే కట్టాడు. నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. కొలత తీసినప్పుడల్లా, "బాబాయ్, ఇది ఊళ్ళోవాళ్ళ కొలతా, సొంతింటి కొలతా?" అని అడిగేదాన్ని. ఆయన నోట్లో మేకులు పట్టుకొని పని చేసుకుపోయేవాడు. ఇంకో వింత కూడా పట్టుకుంది ఆయన్ని. రోజూ పొద్దున్నే గుమ్మంలో కూర్చొని గొడ్డలి నూరేవాడు. "యుద్ధం అయిపోయింది బాబాయ్, ఇంకా ఏ ట్యాంకును నరుకుతావ్?" అని అరిచేదాన్ని. వీధి వీధంతా నవ్వేది. ముప్పై ఏళ్ళు ఇలాగే గడిచాయి.

డెబ్బై మూడులో ఆయన పోయాడు. మా ఆచారం ప్రకారం నలభయ్యో రోజు పెట్టే భోజనానికి వెళ్ళాను. వెళ్ళకపోతే ఊరు ఏమనుకుంటుందో అని. తేనె కలిపిన గోధుమ అన్నం తింటూ కూడా నా నోరు ఊరుకోలేదు.

"మంచి పనిమంతుడే. ఒక్క ట్యాంకు దగ్గర తప్ప," అన్నాను.

అందరూ వెళ్ళేదాకా ఉస్తీన్యా పిన్ని నన్ను కూర్చోబెట్టింది.

"ఆ ట్యాంకు నరికింది నేనే గ్లాషా."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు ఫిరంగులు మొదలవగానే వెళ్ళాను. ఆ మోతలో చప్పుడు ఎవరికి వినపడుతుంది? ఏడోది అవగానే మీ ఇంటి వెనకదానికి రావాలనుకున్నా. మీ అమ్మతో చెప్పాను కూడా, 'కంగారు పడకు అకులీనా, వస్తున్నా' అని. కొడుతున్నా, కొడుతున్నా, తెగి చావదే! ఆ మొద్దు గొడ్డలితో ఒక్క గొట్టం వాలేసరికే పొద్దెక్కింది. ఒకటే అయింది తల్లీ. విమానాలు వచ్చేశాయి."

"బాబాయికి..."

"నరుకు చూడగానే తెలిసిపోయింది. ఇంట్లోకొచ్చి 'ఏ గొడ్డలి?' అన్నాడు. 'వంటింటిది' అన్నాను. అట్లాగే కూలబడ్డాడు. 'నూరమని అడిగావు కదూ' అన్నాడు. నిజం చెబుతానంటే ఎన్నిసార్లు వెళ్ళబోయినా చెయ్యి పట్టుకొని ఆపేవాడు. 'వాళ్ళు నన్ను అనేది అబద్ధం కాదులే' అనేవాడు."

ఉమ్మడానికి కూడా నోట్లో తడి లేదు. పొయ్యి పక్కన ఆ గొడ్డలి గోడకు ఆనించి ఉంది. ముప్పై ఏళ్ళు నూరగా నూరగా సగానికి పైగా అరిగిపోయి, నా అరచేతి వెడల్పు కూడా లేదు.