జింక వెంట్రుక లేని తోక

తెల్లారి అయిదున్నరకి, ఇంకా స్నానమైనా చెయ్యకముందే, సూర్యకుమారి ఖాళీ ఆవకాయ సీసా నిండా నీళ్లు పట్టి వంటింటి గట్టుమీద పెట్టుకునేది. ముందురోజు కట్టిన కుచ్చుల్ని ఒక్కొక్కటే ముంచి, కొక్కెం పట్టుకుని పైకీ కిందికీ ఆడించేది. ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటే సరే. ముడుచుకున్నది అలాగే ఉండిపోతే కత్తెర పెట్టి విప్పెయ్యడమే. ఆ తర్వాతే స్నానం, దీపం, కాఫీ.

అవి జడకుచ్చులు కావు. చేపల్ని మోసం చేసే ఉత్తుత్తి ఎరలకి వెనక కట్టే తోకలు. కెనడా చెరువుల్లో మస్కీ అని ఆరేళ్ల పిల్లంత పొడుగు చేప ఉంటుందట. ఎర వెనక తోక ప్రాణమున్నట్టు కదిలితేగాని అది నోరు తెరవదట.

ఇంట్లో దేవుడి మందిరం ఉంది కనక, వెంట్రుకల కోసం తెప్పించే జింక తోకలు అక్కడ ఉంచడానికి ఆవిడకి మనసొప్పలేదు. పరాయి దేశంలో, బుకిట్ బటోక్ పేటలో, అదే అంతస్తులో ఎదురు ఫ్లాట్ నసీమాది. హైదరాబాదు మనిషి. "నా స్టోర్ రూంలో పెట్టుకో సూర్యక్కా, నాకేం పట్టింపు?" అంది. రోజూ తెల్లవారి నమాజు కాగానే ఆ జింక తోకల గుడ్డసంచి తెచ్చి ఈవిడ గేటుకి తగిలించి వెళ్లేది. ఆరేళ్లలో జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు.

సూర్యకుమారి భర్త సుధాకరరావు సెంబవాంగ్ షిప్‌యార్డులో ఇరవై ఆరేళ్లు ఇనప తాళ్లు అల్లిన మనిషి. ఆదివారాలు సెలెటర్ రిజర్వాయరు గట్టున గేలం వేసేవాడు. అక్కడే గోపీకృష్ణ పరిచయమయ్యాడు. బ్యాంకులో ఐటీ ఉద్యోగం, రెండేళ్లు కెనడాలో ఉండొచ్చి ఎరల పిచ్చి పట్టించుకున్నవాడు. "అంకుల్, ఈ తోక గాల్లో నెమలిలా ఉంటుంది, నీళ్లలో పడగానే తడిసిన పిల్లి అయిపోతోంది!" అని ఒకటే గోల.

ఆ మాట పట్టుకుని మొగుడూ పెళ్లాం నాలుగు నెలలు తంటాలు పడ్డారు. మేక వెంట్రుక నీళ్లు తాగి బరువెక్కింది. నైలాను ముళ్లలా నిలబడిపోయింది. టర్కీ కోడి మెత్తటి ఈక పొడిగా ఉన్నంతసేపే అందం, తడిస్తే నూలుపోగు. తళుకు పోగులైతే ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చివరికి సూర్యకుమారికి పాలకొల్లులో వాళ్లమ్మ కట్టే జడకుచ్చులు గుర్తొచ్చాయి. పట్టుపోగుల కింద, పైకి కనపడకుండా, బిరుసు పీచు చిన్న చుట్టు ఉండేది. కుచ్చుని నిలబెట్టేది అదే.

"తళుకు కింద జింక వెంట్రుక పొట్టిగా, గొడుగు విచ్చుకున్నట్టు కట్టి చూడండి" అంది.

ఆయన కట్టాడు. సీసాలో ముంచితే తోక ఊపిరి పీల్చి వదిలినట్టు కదిలింది. ఆయన ఆ పూట అన్నం కూడా సీసా ముందే కూర్చుని తిన్నాడు. రిజర్వాయరు గట్టుమీద అందరూ దాన్ని రావుగారి తోక అన్నారు.

రెండేళ్ల కిందట ఆయన పోయాడు. ఆవిడ మాత్రం గోపీకృష్ణకి తోకలు కట్టి ఇస్తూనే ఉంది. ఆయన వేళ్లు ఆడిన చోట తన వేళ్లు ఆడుతుంటే అదో తోడు.

ఒకరోజు నసీమా మొహం అదోలా పెట్టుకొచ్చి ఫోను చూపించింది. తెరమీద గోపీకృష్ణ తోక ఎత్తి పట్టుకుని కెనడా వాళ్లకి ఇంగ్లీషులో చెబుతున్నాడు. ఇది జీకే టెయిల్ అట. తన సొంత ఆలోచనేనట, ప్రతి తోకా తన చేత్తోనే కడతాడట. మొదట్లో ఎవరో ఒక ముసలాయన వెంట్రుకలూ ఈకలూ తెచ్చిచ్చేవాడు, అంతేనట.

ముసలాయన. పేరైనా లేదు.

లిఫ్టు తలుపు ఆపినవాళ్లకి కూడా దణ్ణం పెట్టే మనిషి సూర్యకుమారి. మర్నాడు దీపం ముందు నిలబడి, "స్వామీ, వాడి పరువు నీళ్లలో కలిసేదాకా నాకు మనశ్శాంతి ఇవ్వకు" అని మొక్కుకుంది.

వారం తిరక్కుండా గోపీకృష్ణే వచ్చాడు. "ఆంటీ, శనివారం రిజర్వాయర్ దగ్గర లైవ్ వీడియో. కెనడా వాళ్లంతా చూస్తారు. ఆరు తోకలు, బెస్ట్‌గా కట్టివ్వాలి, ప్లీజ్!"

"అలాగే బాబూ. ఎండనపడి వచ్చావు, కాస్త పెరుగన్నం తినివెళ్లు."

తిని వెళ్లాడు.

మర్నాడు గేటుకి తగిలించిన సంచిని సూర్యకుమారి తిరిగి నసీమా చేతికే ఇచ్చేసింది. "ఈసారి జింక వద్దు."

"మరి లోపల ఏం పెడతావ్?"

"టర్కీ ఈక."

"అది తడిస్తే చచ్చిపోతది కదక్కా!"

"వాడి చేత్తో వాడే కడతాడుగా. వాడికి తెలీదూ?"

నసీమా నోటిమీద చెయ్యేసుకుంది. "అల్లా! సూర్యక్కా, నీలో ఇంతుందా?"

"ఇంకా ఉంది."

ఆ ఆరు తోకలూ కట్టినంత శ్రద్ధగా ఆవిడ ఎప్పుడూ కట్టలేదు. దువ్వింది, ఊదింది, ఈక గుబురుగా లేచేట్టు చేసింది. పొడిగా చూస్తే అసలు రావుగారి తోకలే. అయిదోది కడుతుంటే, పాపమేమోనని చెయ్యి ఆగింది. గోడమీద భర్త ఫోటో వంక చూసింది. ముడి బిగించింది. మర్నాడు ఆవకాయ సీసాలో నీళ్లు పట్టనేలేదు.

శనివారం పొద్దున నసీమా సోఫాలో ఇద్దరూ టీ గ్లాసులతో కూర్చున్నారు. గోపీకృష్ణ తోకని కెమెరాకి దగ్గరగా చూపించి, "ఇప్పుడు నీళ్లలో చూడండి" అని వదిలాడు. తడిసిన పిల్లి. నవ్వేసి రెండోది వేశాడు. అదీ అంతే. ఆరోదాని దగ్గరికొచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

చూసేవాళ్లలో ఒకడు లోపల ఏం కట్టావని రాశాడు. జింక వెంట్రుక అన్నాడు గోపీకృష్ణ. విప్పి చూపించమన్నాడు ఇంకొకడు. కత్తెర పెట్టి తెంపితే తెల్లటి ఈక ఊడి వేళ్లకి అతుక్కుంది. తను కట్టిన తోకలో ఏముందో తనకే తెలియని మనిషి వంక వేలమంది చూస్తూ ఉండిపోయారు.

నసీమా తొడ చరుచుకుని నవ్వింది. సూర్యకుమారి నవ్వలేదు. టీ ఆఖరి చుక్కదాకా తాగింది. రెండేళ్లుగా ఆవిడకి ఏ టీ అంత తియ్యగా లేదు.

మధ్యాహ్నానికి గోపీకృష్ణ గుమ్మంలో ఉన్నాడు. "ఏంటాంటీ ఇలా చేశారు?"

"నేనేం చేశాను బాబూ? నువ్వే కట్టానన్నావుగా."

చెప్పుల స్టాండు పక్కన అలాగే చతికిలబడ్డాడు. సూర్యకుమారి ముందు మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగి, కళ్లు తుడుచుకున్నాడు.

"తప్పయిపోయింది ఆంటీ. ఇకమీదట రావు టెయిల్ అనే పేరు. అంకుల్ ఫోటో పెట్టి, ఎవరు కట్టారో నేనే చెప్తా. ఈ దరిద్రపు వీడియో ఇప్పుడే తీసేస్తా" అంటూ ఫోను తీశాడు.

"ఆయన పేరు చెప్పు. జింక వెంట్రుకతోనే మళ్లీ కట్టి ఇస్తాను. కానీ నాకొక్క సాయం చేసిపెట్టాలి."

"ఏదైనా చెప్పండాంటీ, చేస్తా."

సూర్యకుమారి ఖాళీ గ్లాసు అందుకుంది.

"ఆ వీడియో మాత్రం తియ్యకు నాయనా. అలాగే ఉండనీ."