మా ఫోనుకు మొగ్గల గౌను

పోయిన వారం నా మీద ఒక నింద పడింది. రెండు రోజులు పొద్దూ మాపూ లేకుండా నేను ఎవరో అబ్బాయితో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నానంట. అన్నది వీధిలో వాళ్లు కాదు, మా నాయన. అబ్బాయి పేరు కూడా చెప్పమన్నాడు. ఉంటే కదా చెప్పడానికి? ఉండింది ఒక క్రోషియా సూది, ఒక దారపు ఉండ, వాటికి తోడు నా తెలివి. మూడూ కలిసి చేసిన పని ఇది. మొదటి నుంచి చెప్తాను, టీ చల్లారకముందే తాగేయండి.

మదనపల్లెలో మా ఇంటి గోడకు గోడ ఆనుకుని సరోజక్క వాళ్ల ఇల్లు. టైలరింగు, ఎంబ్రాయిడరీ, క్రోషియా, ఆమెకు రానిది లేదు. మధ్యాహ్నం పూట వరండాలో ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని నేర్పిస్తుంది. ఆమె ఇంట్లోకి పోతే ఏ వస్తువూ దాని అసలు రూపంలో కనపడదు. టీవీకి కవరు, రేడియోకి కవరు, మిక్సీకి కవరు, నీళ్ల బిందె మీద పూసలు వేలాడే మూత. ఈ కవర్లు దాచిపెట్టే ట్రంకు పెట్టెకు కూడా ఒక కవరు. నాకు నోరు ఊరుకోదు కదా. ఒక రోజు అందరి ముందరా అనేసినాను, అక్కా, మీ ఇంట్లో ఏమీ కప్పుకోకుండా ఉండేది ఈశ్వరప్ప బావ ఒక్కడే అని. ఆయప్ప అప్పుడే లుంగీ కట్టుకుని, ఒంటి మీద చొక్కా లేకుండా పేపరు చదువుకుంటాండాడు. గబుక్కున తువ్వాలు భుజం మీద వేసుకుని లోపలికి పోయినాడు.

అందరూ నవ్వినారు, సరోజక్క తప్ప. ఆమె సూదీ దారపు ఉండా తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"నోటితో అల్లేది కాదు మే ఇది. చేత్తో ఒక్క పువ్వు అల్లి చూపించు, అప్పుడు మాట్లాడు."

అట్లా నేను క్రోషియాలో చేరినాను. కళ మీద ప్రేమతో కాదు, రోషంతో.

మొదటి పాఠం గొలుసు. దారంతో ఒక ఉచ్చు వేసి, దాంట్లోంచి సూదితో ఇంకో ఉచ్చు లాగి, దాంట్లోంచి మళ్లీ ఇంకోటి. ఇంతే. ఇంతలోనే నా ఉచ్చులు ఒకటి ఆవగింజంత, ఒకటి చెనక్కాయంత. అయినా అల్లిక వస్తాండాదనే సంతోషంలో నేను ఆపలేదు. ఎక్కడ ఆపాలో అక్క చెప్పలేదు, నేను అడగలేదు. వంటింట్లో మొదలుపెట్టిన గొలుసు గేటు దాకా వచ్చింది. మా అమ్మ దాన్ని పారేయలేక ముక్కలు చేసి, కరివేపాకు కట్టలు కట్టుకోవడానికి పెట్టుకుంది.

తర్వాత సింగిల్, డబుల్, ట్రిబుల్ అనే కుట్లు. నేను దారాన్ని ఎంత బిగించి లాగేదాన్నంటే, అల్లిన కన్నాల్లో మళ్లీ సూది దూరేది కాదు. దారాన్ని పట్టుకో మే, గొంతు పిసకద్దు అని అక్క చెప్పి చెప్పి అలిసిపోయింది. గుండ్రంగా అల్లేటప్పుడు ప్రతి వరుసలో కొన్ని కుట్లు పెంచుకుంటూ పోవాలి, అప్పుడే చాపలాగా పరుచుకుంటుంది. పెంచడం నేను మరిచిపోయినాను. టీపాయ్ మీద వేయాల్సింది గిన్నెలాగా ముడుచుకుని లేచి నిలబడింది. మా నాయన దాన్ని తలకు పెట్టి చూసుకుని, చెవులు కప్పలేదని తీసి ఇచ్చేసినాడు.

బుద్ధి ఉండేవాళ్లు అయితే ఇంకో రెండు నెలలు ఆ గుండ్రం దగ్గరే కూర్చుంటారు. కానీ నాతోపాటు చేరినోళ్లంతా గవ్వల అంచు, పైనాపిల్ డిజైన్ అంటూ ముందుకు పోతాంటే, నేను టోపీలు అల్లుకుంటూ ఎన్నాళ్లు కూర్చోవాల? పీక్కుతిని పీక్కుతిని అక్క దగ్గర మొగ్గ కుట్టు నేర్చుకున్నాను. ఒకే కన్నంలో అయిదు డబుల్స్ అల్లి, అయిదింటినీ కలిపి బిగిస్తే బుడిపెలాగా పైకి లేస్తుంది. అదే మొగ్గ. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందో. అది చేతికి వచ్చినప్పటి నుంచి నాకు యాడ చూసినా మొగ్గలే. అక్క ఒక మాట చెప్పింది. కంటికి కనపడే చోట మొగ్గ పెట్టు, కింద ఆనుకునే చోట పెట్టద్దు అని. మొదటి సగమే నా చెవిలో పడింది.

ఇప్పుడు మా ఫోను సంగతి చెప్పాలి. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే ఆర్నెల్ల కింద వచ్చింది. దాని కోసం ప్రత్యేకంగా స్టూలు చేయించినాడు మా నాయన. నంబర్లు తిప్పే చక్రానికి చిన్న తాళం వేసి, ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇంట్లో నుంచి మేము ఎవరికీ చేసేది లేదు. వచ్చేటివి మాత్రం వస్తానే ఉంటాయి, అవి మావి కాదు. వీధిలో సగం మంది మా నంబరు రాసి, పక్కన పీపీ, అంటే పక్కింటి ఫోను, అని పెట్టుకున్నారు. పెండ్లి పత్రికల్లో కూడా మా నంబరే. వాళ్లకు ఫోను వస్తే గోడ ఎక్కి కేక వేయడం నా ఉద్యోగం.

ఆ పీపీ వాళ్లలో సరోజక్క ఒకతి. ఈశ్వరప్ప బావకు కుప్పానికి ట్రాన్స్‌ఫర్ అయ్యింది, వచ్చే నెల పోవాల. కుప్పంలో ఒక ప్రైవేటు స్కూల్లో క్రాఫ్ట్ టీచర్ పోస్టు ఉందని తెలిసి అక్క ఇంటర్వ్యూకు పోయి వచ్చింది. వస్తే పిల్లలతో సహా అందరూ అక్కడికే పోతారు. రాకపోతే ఈ వరండా క్లాసులు వదులుకుని పోయే పరిస్థితి లేదు కాబట్టి, బావ ఒక్కడే ఆడ రూము తీసుకుని ఉండాల. ఇద్దరిని ఏరినామని, పలమనేరు ఆమె ఒకరు, ఈమె ఒకరు అని, బుధవారం లోపల ఫోను చేస్తామని చెప్పినారంట. ఏ నంబరుకు అనేది మీకు తెలుసు కదా.

సోమవారం పొద్దున మా నాయన పుంగనూరుకు పోయినాడు, మా మేనత్త వాళ్ల గృహప్రవేశం పనులకు. ఆ సాయంత్రమే నా కవరు పూర్తి అయ్యింది. ఫోనుకు తెల్లదారంతో గౌను లాంటిది, రిసీవరుకు విడిగా ఒక తొడుగు, దాని చుట్టూ ఎర్ర ఉన్నితో మొగ్గలు. చుట్టూ అంటే చుట్టూ. పైనా, పక్కనా, కిందా. యాడా ఖాళీ వదల్లేదు. తొడిగి చూస్తే నాకే దిష్టి తగులుతుందేమో అనిపించింది.

మా అమ్మ మురిసిపోయింది. వచ్చిన వాళ్లందరినీ హాల్లోకి పిలిచి, ముట్టుకోవద్దు మాసిపోతుంది, దూరం నుంచే చూడండి అని చూపించింది. సరోజక్క కూడా వాకిట్లో నుంచి చూసి, వరుసలు వంకర, మొగ్గలు మాత్రం బాగుండాయి అని పోయింది.

మంగళవారం ఫోను మోగలేదు. గోడ ఎక్కే పని తప్పిందని నేను హాయిగా పడుకుని వారపత్రిక చదువుకున్నాను. కొత్త గౌను చూసి ఫోనుకు సిగ్గేసిందేమో అనుకున్నాము. సరోజక్క మాత్రం పొద్దున నుంచి ఆరు సార్లు గోడ మీద తల పెట్టి అడిగింది, వచ్చిందా మే అని. రాలేదక్కా, పలమనేరామె చేతిలో పెద్ద సర్టిఫికెట్ల ఫైలు ఉండి ఉంటుంది అని ఒకసారి, నువ్వు పోతే నాకు సూదితో పొడిచేవాళ్లు ఎవరుంటారు అని ఒకసారి ఏడిపించినాను. బుధవారం పొద్దునకు ఆమె అడగడం మానేసింది. గోడకు అవతల మిషను చప్పుడు కూడా లేదు. అప్పుడు నేనూ ఏడిపించడం మానేసినాను.

మధ్యాహ్నం అన్నాలు తింటాంటే మా నాయన దిగినాడు. చేతిలో సంచి కింద పెట్టకముందే నన్ను హాల్లో నిలబెట్టినాడు.

జరిగింది ఏమంటే, ఆయన కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి పోయినాడు. బస్సులో పంపించమని చెప్పడానికి మంగళవారం పొద్దున పుంగనూరు ఎస్టీడీ బూత్ నుంచి చేస్తే ఎంగేజ్. పదకొండుకు ఎంగేజ్. మూడుకు ఎంగేజ్. సాయంత్రం ఎంగేజ్. బుధవారం పొద్దున కూడా అదే. అప్పుడు ఆ బూత్ ఆయన మెల్లగా అడిగినాడంట, ఇంట్లో వయసుపిల్ల ఉండాదా సామీ అని. ఆ ఒక్క మాట పట్టుకుని మా నాయన గృహప్రవేశం వదిలేసి బస్సెక్కినాడు.

"రెండు దినాలు మాట్లాడినావంటే అది ఊరికే స్నేహం కాదు. పిల్లోడు ఎవురు?"

"ఎవరూ లేరు నాయనా. ఫోనే రాలేదు."

"ఎంగేజ్ వచ్చిన ఫోను రాకుండా ఎట్లుంటాది మే?"

మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది, చదువు ఆపించేద్దామని కూడా అనింది. నేను పుస్తకం మీద, దేవుడి పటం మీద ఒట్లు వేస్తాండాను. ఈ గోలకు సరోజక్క వాకిట్లోకి వచ్చి నిలబడింది. రెండు దినాలు ఎంగేజ్ అనే మాట విని ఆమె ముఖం తెల్లబోయింది. ఎవర్నీ అడక్కుండా నేరుగా స్టూలు దగ్గరికి పోయింది. ముట్టుకోవద్దు అని మా అమ్మ ఏడుపు మధ్యలోనే చెప్పింది, అలవాటుగా.

అక్క రిసీవరు ఎత్తి చెవిలో పెట్టుకుంది. చచ్చినట్టుంది, సద్దు లేదు. తిప్పి, కిందిపక్క వేళ్లతో తడిమింది. బొటనవేలు ఒక మొగ్గ మీద ఆగింది.

"ఇదేంది మే?"

"మొగ్గ అక్కా."

"ఆ పక్క ఎవరు పెట్టమన్నారు?"

ఆమె తొడుగు ఊడబీకి, రిసీవరు పెట్టింది. రిసీవరు కింద రెండు చిన్న బొత్తాలు ఉంటాయి చూడండి, అవి టక్కుమని లోపలికి పోయినాయి. మళ్లీ ఎత్తితే నిక్షేపంగా గుర్రుమంటోంది ఫోను. అంటే సోమవారం సాయంత్రం నుంచి రిసీవరు ఫోను మీద లేదు. నా మొగ్గల మీద ఉండాది. మొదట్లో అది పెట్టిన గోల కూడా ఉన్ని మందంలో మాకు వినపడలేదు.

అబ్బాయి లేడని తేలింది. మా నాయన ముఖంలో సంతోషం ఒక్క నిమిషం కూడా నిలబడలేదు, ఎందుకంటే సరోజక్క అట్లే స్టూలు పక్కన కూలబడిపోయింది. ఏమమ్మా అని అడిగితే, కుప్పం వాళ్లు ఇయ్యాల్టి లోపల చేస్తామన్నారన్నా అని మాత్రం అనింది. మా నాయన చొక్కా ఎత్తి, మొలతాడు నుంచి తాళంచెవి తీసి, తనే తాళం తెరిచినాడు. పగటిపూట ఎస్టీడీకి ఆ తాళం తెరుచుకోవడం మా ఇంట్లో అదే మొదలు.

అక్క స్కూలు నంబరు తిప్పి, పేరు చెప్పినాక అటువైపు హెడ్మిస్ట్రెస్ మేడమ్ మాట్లాడతానే ఉంది, ఈమె సరే మేడమ్, అవును మేడమ్ అంటానే ఉంది. రెండు రోజులుగా చేస్తున్నారంట. సాయంత్రం పలమనేరు ఆమెకు చెప్పేయబోతున్నారంట. ఫోను చెడిపోయిందని అక్క చెప్తే, చెడిపోయిన ఫోను ఎంగేజ్ ఎట్లా వస్తుందని మేడమ్ అడిగింది. మా నాయన అడిగిన ప్రశ్నే. అక్క నా వైపు చూసి రిసీవరు చాచింది.

"నువ్వే చెప్పు మే."

చెప్పినాను. ఫోను చెడిపోలేదని, నేను క్రోషియా కవరు అల్లినానని, కింద కూడా మొగ్గలు పెట్టినందుకు రిసీవరు సరిగ్గా కూర్చోలేదని. మేడమ్ ఒకటే అడిగింది.

"ఎవరు నేర్పించినారమ్మా నీకు?"

"సరోజక్కే మేడమ్."

అక్క కళ్లు మూసుకుంది. వచ్చే ఉద్యోగం కూడా ఆ మాటతో పోగొట్టినానని నాకు అప్పుడు తట్టింది. మేడమ్ మాత్రం, ఆ కవరు తీసుకుని రేపు పదకొండుకు ఇద్దరూ రండి అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే బస్సు. పుంగనూరు దాటింది, పలమనేరు దాటింది, అక్క కిటికీలోంచే చూస్తాంది. పోనీ కిందిపక్క మొగ్గలు విప్పేస్తానక్కా, చూడ్డానికి మర్యాదగా ఉంటుంది అన్నాను. ఉండేది ఉండేట్టే చూపిస్తాం అనింది. వి.కోట దగ్గర ఒక కమలాపండు వలిచి సగం నా చేతిలో పెట్టింది. అప్పుడు నాకు కొంచెం ఊపిరి వచ్చింది.

మేడమ్ అరవై ఏళ్ల మనిషి, కళ్లద్దాలకు దారం కట్టుకుని ఉంది. నా తొడుగు తీసుకుని తన టేబుల్ మీద ఫోనుకే తొడిగి చూసింది. రిసీవరు ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. ఆమె నవ్వలేదు. పెన్ను మొనతో నా తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసింది. సూదీ దారం ఇచ్చి, ఒక మొగ్గ అల్లమనింది నన్ను. నాలుక కొరుక్కుంటూ అల్లినాను. అల్లేలోపల స్కూలు గంట రెండు సార్లు కొట్టినారు.

ఎట్లా నేర్చుకున్నావు అని అడిగితే దాచకుండా చెప్పినాను. గేటు దాకా పోయిన గొలుసు, టోపీ అయిపోయిన గుండ్రం, గొంతు పిసికిన దారం, అన్నీ. నేను పాడు చేసినప్పుడల్లా అక్క మొత్తం విప్పదీసి, దారం ఉండ చుట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించిందని, ఒక్కసారి కూడా ఇంటికి పొమ్మనలేదని చెప్పినాను. అది చెప్పేటప్పుడు నాకే వింతగా అనిపించింది. నేనైతే నన్ను రెండో రోజే తరిమేసి ఉండేదాన్ని.

మేడమ్ కళ్లద్దాలు తీసి, పక్కన కూర్చున్న గుమాస్తాతో అనింది.

"పలమనేరు ఆమె చేతి పని చాలా బాగుంది. కాదనను. కానీ మనకు కావాల్సింది నేర్పించే మనిషి. ఈ పిల్లకు మొగ్గ దాకా నేర్పించిందంటే, మన ఎనిమిదో క్లాసు ఈమెకు ఒక లెక్కా?"

గుమాస్తా నన్ను పైనుంచి కింద దాకా చూసి, అవును మేడమ్ అని గట్టిగా తల ఊపినాడు. ఆర్డరు అక్కడే టైపు చేసినారు. సరోజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తాందనుకున్నాను. కాదు, నవ్వుతాండాది.

ఇంటికి వచ్చేసరికి మా నాయన వాకిట్లోనే నిలబడి ఉండాడు. ఉద్యోగం వచ్చిందంటే చాలా సంతోషపడినాడు. ఈ కాలంలో ఊరికే ఎవరిస్తారమ్మా, ఎవరిదన్నా రెకమెండేషను ఉండిందా అని అడిగినాడు.

"ఉండింది నాయనా. నాదే," అని చెప్పి, సరోజక్క నోరు తెరవకముందే లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.