తాడు గుంజితే తిరిగిన లేతు మిషను

ఆ రోజుల్లో ధైర్యానికీ తెలివితక్కువతనానికీ తేడా నాకు తెలియదు. కోదాడలో ఒక మేస్త్రి దగ్గర మూడేళ్ళు లేతు పని నేర్చుకుని, రెండువేల నాలుగు ప్రాంతంలో మిర్యాలగూడలో సొంతంగా వర్కుషాపు పెట్టాను. వర్కుషాపు అంటే పెద్దగా ఊహించుకోకండి, వాడపల్లి రోడ్డు వైపు ఒక కిరాయి ఇంటి వసారా. గరిడేపల్లి దగ్గర మా ఊళ్ళో నాయిన సగం గొర్ల మంద అమ్మి ఆ పాత మిషను కొనిచ్చాడు (అందుకోసం నేను ఎన్ని పూటలు అన్నం మీద అలిగానో అది వేరే సంగతి). కొనిస్తూ ఒక్క మాటే అన్నాడు, వానలు పడేలోగా గిరాకీ కుదరకపోతే మిషను అమ్మేసి మళ్ళీ గొర్ల వెంట నడవాలని. నాకు గొర్ల మీద కోపం లేదు, అవే నన్నెప్పుడూ లెక్కచేసేవి కావు.

మిషను మోటారుకు మూడు ఫేజుల కరెంటు కావాలి. ఇంట్లో ఉన్నది బల్బూ ఫ్యానూ తిరిగే ఒక్క ఫేజు. కనెక్షను కోసం పెట్టిన కాగితాలు ఏ బల్ల మీద నిద్రపోతున్నాయో తెలియదు. ఒక్క ఫేజు ఇస్తే మోటారు గురగురమంటుందే తప్ప కదలదు. అయితే దాని చక్రానికి తాడు చుట్టి ఒక్క గుంజు గుంజి, వెంటనే స్విచ్చి వేస్తే, సగం బలంతోనైనా తిరుగుతూ ఉంటుంది. ఎటు గుంజితే అటే తిరుగుతుంది, దానికి సొంత అభిప్రాయమంటూ ఉండదు. (ఇప్పుడెవరైనా ఈ పని చేస్తానంటే నేనే ముందు వద్దంటాను.) వసారా ఇరుకు కాబట్టి మోటారును లోపలి గదిలో బిగించి, కిటికీలోంచి బెల్టు ఇవతలికి తెచ్చాను. నేను వసారాలో దగ్గితే, నాకు వండిపెట్టడానికి వచ్చిన అమ్మ లోపల తాడు గుంజి స్విచ్చి వేసేది. నాకు నిజంగా జలుబు చేసిన వారం పని లేకున్నా మిషను తెగ తిరిగింది. మోటారు తిరగడం అందుకున్నప్పుడల్లా పక్కింటి టీవీలో బొమ్మ ముడుచుకుపోయేది, అమ్మ ముఖం చూసి ఆ ఇంటావిడ ఊరుకునేది.

ఎండలు ముదిరాయి గానీ గిరాకీ లేదు. అప్పుడు వచ్చాడు ఒక రైసుమిల్లు సేటు, చేతిలో ఇనుప షాఫ్టు ముక్కతో. మూడు ఫేజులున్నాయా అని అడిగితే, తడుముకోకుండా ఉన్నాయన్నాను. ఈ ముక్క నా ముందర నున్నగా తీసి చూపించు, నచ్చితే మిల్లు పనంతా నీకేనన్నాడు. అంటే నాకు వానలంటే భయం ఉండదన్నమాట. సేటు స్టూలు జరుపుకుని సరిగ్గా కిటికీకి ఎదురుగా కూర్చున్నాడు. నేను ముక్క బిగించి, గొంతు సవరించుకుని, దగ్గాను.

మిషను తిరిగింది. తిరిగింది గానీ, వెనక్కి తిరిగింది. కత్తి ఇనుమును కోయడం మాని కీచుమని రాసుకుపోతోంది, ఇనుప పొట్టు రాలడం లేదు. పెద్దమనిషి ఎదురుగా కూర్చుంటే ఆయన కళ్ళబడేలా నిలబడడం మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు అలవాటు లేదు. అందుకని అమ్మ ఆ పూట మోటారుకు అవతలి వైపు, తలుపు చాటుకు వెళ్ళి అక్కణ్ణించి ఎదురు దిక్కుకు గుంజింది. ఆ సంగతి తెలియని నేను కంగారుగా ఇంకోసారి దగ్గాను. కిటికీలోంచి ఒక చెయ్యి మంచినీళ్ళ చెంబు అందించింది.

సేటు లేచి చెంబును చూశాడు, బెల్టును చూశాడు. లోపల ఎవరున్నారని అడిగాడు. మా అమ్మ అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

"అంటే మూడు ఫేజులల్ల ఒకటి మీ అమ్మనా పిలగా?"

నేను తలవంచుకున్నాను. అమ్మ స్విచ్చి ఆపి, కొంగు తల మీదికి లాక్కుని గడప దాకా వచ్చింది.

"పోరని తప్పేం లేదు సేటూ. రోజు కిటికి దిక్కు నిలబడి గుంజుత. మీరు గీడ కూసున్నరని అటు పోయిన."

సేటు తన స్టూలు తానే ఎత్తుకుని వసారా చివరకు పోయి, కిటికీ కనబడని మూలలో వేసుకుని కూర్చున్నాడు.

"ఇగ నీ దిక్కు నుంచే గుంజు చెల్లె" అన్నాడు.

ఆమె గుంజింది. ఇనుప పొట్టు సన్నగా చుట్టలు తిరుగుతూ రాలింది. సేటు షాఫ్టు మీద బొటనవేలి గోరు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగి చూసుకున్నాడు. మర్నాడు మిల్లు నుంచి ఎడ్లబండి నిండా ఇనుము వచ్చింది. వానలు పడ్డాక నాయిన వచ్చి, పనితో నిండిన వసారా చూసి, మిషను అమ్మే మాట ఎత్తకుండానే ఊరికి పోయాడు.

మరుసటేడు నిజంగానే మూడు ఫేజుల కనెక్షను వచ్చింది. అప్పుడు ఉందా అని అడిగిన వాడు ఒక్కడూ లేడు. కరెంటు గురించి అబద్ధమాడినందుకు నాకు ఇప్పుడు నవ్వే వస్తుంది, ఆ వయసులో అంతే అనుకుంటాను. కానీ "మా అమ్మ" అన్న మాటను అంత మెల్లగా, తప్పు ఒప్పుకున్నట్టు అన్న ఆ పిల్లగాడు కనబడితే మాత్రం, నవ్వుతూనే ఒక మొట్టికాయ వేసి, ఆ మాట మళ్ళీ గట్టిగా చెప్పమంటాను.