పెన్ను తీయకూడని ఇల్లు

ఎమ్మే చరిత్ర రెండో ఏడాదిలో ఒక పరిశోధన వ్యాసం రాయాలి. కుంఫిణీ కాలంలో కోయంబత్తూరు, మదురై వైపు తెలుగు కుటుంబాలు భూముల కోసం పెట్టుకున్న అర్జీలు అన్న విషయాన్ని నేనే పట్టుబట్టి తీసుకున్నాను. మా మాస్టారికి అది మొదటి నుంచీ నచ్చలేదు. "అచ్చు పుస్తకాలు చూసి రాస్తే సంతకం పెట్టను. నువ్వు కళ్ళారా చూసిన మూలపత్రం ఒక్కటైనా తే. నెలాఖరు దాకా గడువు. తేలేకపోతే విషయం మార్చుకో" అన్నారు. నాకు రోషం వచ్చింది. ఒంగోలులో రాత్రి ఎనిమిదింటికి కేరళ వెళ్ళే బండెక్కాను.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు కోయంబత్తూరులో దిగాను. గాంధీపురం బస్టాండు దగ్గరే లాడ్జి దొరికింది. వేడినీళ్ళు తొమ్మిదిన్నర వరకేనని గోడ మీద రాసి ఉందట. నాకు తమిళం చదవడం రాదు కాబట్టి చన్నీళ్ళే గతయ్యాయి. పదిన్నరకు పీలమేడులో నూలు మిల్లు నడిపే ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. నా స్నేహితురాలికి దూరపు చుట్టం.

"రా అమ్మణీ, కూసో. ముదల్లో కాఫీ తాగు, అప్పురం మాట్లాడుదాము" అన్నారు. కాఫీ అయ్యాక అసలు సంగతి చెప్పారు. "మా కాయితాలు మిల్లు కట్టేప్పుడే యాడనో పాయె. మా పెద్దక్క మదురై దాటి మేలూరు పక్కన ఉండాది. వాండ్ల ఇంట్లో తాటాకు కట్ట ఉండాది. నాకి తెలుగు మాట్లాడేదే వస్తాది, సదివేది రాదు."

మూడో రోజు ఉదయం ఆరింటికి గాంధీపురంలో మదురై బస్సు కోసం అరగంట తిరిగాను. అటువైపు బస్సులు సింగానల్లూరు నుంచి బయల్దేరతాయి. నా వెనక వెళ్ళేవాళ్ళు ఈ పొరపాటు చేయకండి. బస్సులో పక్క సీటావిడ నా ఫోను మాటలు విని నవ్వింది. "మీ తెలుగు సినిమా మాదిరి ఉండాదే!" అంది. ఆవిడ తెలుగు నాకు మా తాతమ్మ మాటల్లా వినిపించింది గానీ ఆ మాట పైకి అనలేదు. దిండిగల్లులో టీ, పన్నెండున్నరకు మదురై ఆరప్పాళయంలో దిగి భోజనం. అక్కడి నుంచి మాట్టుత్తావణి బస్టాండు, అక్కడ మేలూరు బస్సు. మేలూరు నుంచి ఆటోలో వెళుతుంటే రాతి క్వారీల దుమ్ము జుట్టంతా పట్టింది. నాలుగింటికి ఆ ఇల్లు చేరాను.

పెద్దాయన చెప్పిన అక్క, రామక్కవ్వకు ఎనభై దాటాయి. ఇంట్లో ఆమె మనవడు, అతని భార్య కవిత ఉన్నారు. కవిత మేలూరులో బ్యాంకు ఉద్యోగి. అవ్వ కాళ్ళు కడుక్కుని వచ్చి చెక్కపెట్టె తెరిచి, పసుపు గుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట బయటికి తీసింది. సంచిలోంచి నోటు పుస్తకం, పెన్ను తీశాను.

అవ్వ కట్ట లోపల పెట్టి మూత వేసేసింది.

"పెన్ను ఎత్తకూడదు" అని కవిత నా చెవిలో చెప్పింది. తర్వాత అవ్వే వివరించింది. "కుంఫిణీ నాళ్ళలో కచేరి గుమాస్తా వచ్చి, నకలు రాసుకొని ఇస్తానని అసలు కాయితం ఎత్తుకపాయె. తిరిగి రాలే. మొగవాండ్లు గుర్తుండేది ఆకు మింద గీసిరి. ఇంటికి వచ్చిన కోడండ్లు నోటికి నేర్చుకొనిరి. అప్పట్నించి ఈ పెట్టె ముందర కలము ఎత్తేది లే."

"ఫోటో తీసుకోవచ్చా అవ్వా?"

"పోటో గూడా నకలే గదా తాయీ."

పెన్ను లోపల దాచి, ఒక్కసారి ఆకులు చూపించమని బతిమాలుకున్నాను. అంతా గొలుసుకట్టు రాత. రెండేళ్ళ చదువు వెలగబెట్టి కూడా ఒక్క పంక్తి కూడబలుక్కోలేకపోయాను. సిగ్గేసింది. అవ్వ మాత్రం కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. కుంఫిణీ దొరకు పదకొండు ఇళ్ళవాళ్ళు పెట్టుకున్న విన్నపం అది. ఒక్కో ఇంటి పెద్ద పేరు, అతను దున్నిన చేను, తవ్విన బావి. అవ్వకు అక్షరం ముక్క రాదు. ఆమె మాట వెంట నా వేలు నడుస్తుంటే ఆకు మీద అక్షరాలు ఒక్కొక్కటిగా విడివడ్డాయి.

"కావల్నంటే నోట్లో పెట్టుకొని పో. ఊరికి పొయ్యి గూడా రాసేది లే. మాట ఇస్తావా?" అంది.

మాట ఇచ్చి, మదురై లాడ్జిలో రాసుకుంటే ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. నిజం దాచడం ఎందుకు? కానీ ఆమె ముఖం చూస్తూ అబద్ధమాడలేకపోయాను. మాట ఇచ్చాను, నిజంగానే. రెండు రోజులు అక్కడే ఉన్నాను. పొద్దున రాగిసంకటి, తర్వాత పాఠం. ఒక్క పేరు తప్పినా మళ్ళీ మొదటికి వెళ్ళాల్సిందే.

"నాకి తమిళ్‌లో అయితే మనప్పాడం అయిపోతాది. ఇది మండెలో నిలవదు" అంది కవిత, కాస్త నొచ్చుకుంటూ. మనప్పాడమంటే కంఠస్థం, మండె అంటే తల. మూడుసార్లు తప్పు లేకుండా చెప్పాకే అవ్వ నన్ను కదలనిచ్చింది.

ఆదివారం పొద్దున్నే మదురైలో చెన్నై బండెక్కాను. తిరుచ్చి దాటాక మాస్టారికి ఫోన్ చేశాను.

"దొరికిందా?"

"దొరికింది సార్. కానీ రాయనని మాటిచ్చాను."

"మరి విషయం మారుస్తావా?"

"మారుస్తాను. ఆ ఇంట్లో కలం ఎందుకు ఎత్తరో రాస్తాను. అర్జీలోని మాట ఒక్కటి కూడా ఉండదు."

"ఆధారం లేకుండా నేనెలా ఒప్పుకోను?" అన్నారు. మళ్ళీ ఆయనే, "ముందు రా, చూద్దాం" అని పెట్టేశారు. అది ఒప్పుకోలు కాదని నాకు తెలుసు.

చెంగల్పట్టు వస్తుండగా లోలోపల అర్జీ చెప్పుకుంటున్నాను. ఏడో ఇల్లు దాటాక ఆగిపోయాను. ఎనిమిదో ఇంటి పేరు లేదు. మళ్ళీ మొదలుపెట్టినా అక్కడే ఆగింది. చూసుకుందామంటే చేతిలో కాగితం ముక్క లేదు. కవితకు ఫోన్ చేస్తే అవ్వకు ఇచ్చింది.

"అవ్వా, ఎనిమిదో ఇల్లు మరిచిపోయాను."

"నడుమలో చెప్పేది లే. మొదట్నించి రా."

బోగీ నిండా జనం. సిగ్గు విడిచి గట్టిగానే మొదలుపెట్టాను. ఎదుటి సీటాయన పేపరు దించి చూశాడు. ఏడో ఇంటి బావి దాటేసరికి ఎనిమిదో పేరు దానంతటదే నోటికొచ్చింది. అవతల అవ్వ కూడా అదే పేరు నాతోపాటే అంటోంది. పదకొండో ఇంటి దాకా ఇద్దరం కలిసి చెప్పాం. కళ్ళు తుడుచుకుని ఫోన్ పెట్టేశాను.

నెలాఖరుకు నా వ్యాసం ఏమవుతుందో తెలియదు. కచేరీకి పోయిన ఆ కాగితం ఏమైందో కూడా తెలియదు. ఆ మాటలు నోటికి వచ్చినవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం. అందులో ఒకరికి ఎనభై దాటాయి.