చెప్పని పాఠాల డైరీ

ఆ రోజుల్లో అంటే రాజుల కాలమేమీ కాదు, అందరి చేతికీ స్మార్ట్‌ఫోన్లు వచ్చాక జరిగిన సంగతే. అప్పట్లో మా హన్మకొండ ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో లెక్చరర్ మంచివాడా కాదా అని తేల్చేది అతను చెప్పే పాఠం కాదు, అతను రాసే ఫైలు. పాఠం గంట కొట్టగానే అయిపోతుంది, ఫైలు మాత్రం బీరువాలో ఉంటుంది. నేను బీ సెక్షన్‌కు బోటనీ చెప్పేవాణ్ణి (ఇప్పటికీ అదే చెబుతున్నాను, వేరే పని రాదు). ఏ సెక్షన్‌కు ఒక మేడం చెప్పేది. ఇద్దరం కాంట్రాక్టు మనుషులమే, ఇద్దరం ఒకే నెలలో చేరాం, ఇద్దరికీ ఒకే సిలబస్, ఒకే టేబులు, ఒకే ఫ్యాను. ఆ ఫ్యాను ఆమె వైపే ఎక్కువ సేపు ఆగుతుందని నాకు గట్టి అనుమానం. ఒకరోజు గదిలో ఎవరూ లేనప్పుడు వాచీ పెట్టుకుని చూశాను కూడా. సమానంగానే తిరిగింది. అయినా నా అనుమానం తీరలేదు.

ఆమెకు నేను మనసులో పెట్టుకున్న పేరు ప్లానింగ్ మేడం. వాళ్లది మట్టెవాడ, ఇంటి ముందు భాగంలోనే బట్టల దుకాణం. చీరల మడతలు చూస్తూ పెరిగిన మనిషి కాబట్టి ఏది పెట్టినా అంచులు కలిపి పెట్టేది. జూన్‌లో కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే ఏ తేదీన ఏ పాఠం, ఏ గదిలో, ఎన్ని గంటలకు అని ఏడాది మొత్తానికీ ప్రణాళిక వేసి, టీచింగ్ డైరీ ముందు పేజీల్లో గీతలు కొట్టి రాసేసింది. అంతటితో ఊరుకుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. రోజూ సాయంత్రం ఇంటికి పోయే ముందు పది నిమిషాలు కూర్చుని, ఆ రోజు నిజంగా ఏం జరిగిందో ఆ రోజు పేజీలో రాసేది. మా దగ్గర అలాంటి అలవాటు ఎవరికీ లేదు. టీచింగ్ డైరీ అంటే ఏడాదంతా తెల్లగా ఉంచి, తనిఖీ కమిటీ వస్తోందని తెలిశాక ఒక్క ఊపులో నింపే వస్తువు. మా సీనియర్లు అలాగే చేశారు, మేమూ వాళ్ల దారిలోనే పోతున్నాం. ఆమె ఒక్కతే రోజూ రాస్తుంటే మా అందరికీ ఏదో తప్పు చేస్తున్నట్టు ఉండేది.

ఇక నా కుళ్లు గురించి దాచడమెందుకు, ఉన్నదున్నట్టు చెబుతాను. ఆమె చేతిరాత చూస్తే కుళ్లు. ఆమె సెక్షన్‌లో హాజరు ఎక్కువని కుళ్లు. ఆమె గొడుగు మడిస్తే సంచిలో పడుతుంది, నాది తలుపు పక్కన నీళ్లు కారుస్తూ నిలబడుతుంది, దానికీ కుళ్లే. మా డిపార్ట్‌మెంట్ పెద్ద సార్ ఏ మీటింగులో అయినా "మేడం డైరీ ఒకసారి చూడుండ్రి" అనగానే నాకు కడుపులో భగ్గుమనేది. నాది ధర్మసాగర్ దగ్గర పల్లె, మా బాపు ఎవుసం మనిషి. వాన ఎప్పుడొస్తే అప్పుడే నాట్లు తప్ప ముందుగా తేదీ వేసుకోవడం మా ఇంటా వంటా లేదు. అందుకే ఆమెకు అది పుట్టుకతో వచ్చిందనీ, నాకు రాకపోవడం నా తప్పు కాదనీ సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ ఓదార్పు సాయంత్రం బస్సెక్కేదాకా పనిచేసేది, పొద్దున ఆమె డైరీ కనబడగానే మళ్లీ మొదటికొచ్చేది.

ఇది ఉత్త కుళ్లుగానే ఉండి ఉంటే నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ ఆ ఏడు బోటనీలో చేరేవాళ్లు తగ్గిపోయారు. పెద్ద సార్ మా ఇద్దరినీ పిలిచి, కళ్లజోడు తుడుచుకుంటూ, మా మొహాలు చూడకుండా చెప్పాడు: "కమిటీ పోయినంక రెండు సెక్షన్లు ఒక్కటయితయి. మీల ఒక్కలే ఉంటరు. డైరీలు జర మంచిగ పెట్టుకోండ్రి." అంటే వచ్చే ఏడాది నా ఉద్యోగం ఉండాలంటే ఆమెది పోవాలి. మేడం తలూపి వచ్చి ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా తెరిచింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఇక్కడ ఆగస్టులో జరిగిన పాలంపేట ట్రిప్పు సంగతి చెప్పాలి. రెండు సెక్షన్ల పిల్లల్నీ బస్సులో తీసుకుపోయి రామప్ప గుడి చూపించి, పక్క పొలాల్లో వరి చూపించాలని ప్రిన్సిపాల్ హఠాత్తుగా తలపెట్టాడు. కమిటీకి ఫోటోలు కావాలి మరి. ఆ ఫోటోలు ఉత్తవి పనికిరావు, కింద ఊరి పేరు, తేదీ, టైము అచ్చయి ఉండాలి, వెనక కాలేజీ బ్యానర్ కనబడాలి. (ఆ రోజుల్లో మా కాలేజీలో మొక్క నాటినా బ్యానరే, సమోసా తిన్నా బ్యానరే.) మేడం ముందురోజే నిమిషాల లెక్కన ఒక కాగితం తయారుచేసింది. దారిలో బస్సు పంక్చరై ఆ కాగితానికి విలువ లేకుండా పోయింది. గుడి తర్వాత చూద్దామని నేరుగా పొలం దగ్గరికే పోయాం. అక్కడ పిల్లలు తలో దిక్కు పోతుంటే నాకు చిరాకేసి, ప్యాంటు పైకి మడిచి మడిలోకి దిగి, ఒక వరి దుబ్బును వేళ్లతో సహా పట్టుకుని, ఇది పిలక, ఇది వేరు, ఇది వరిలాగే కనిపించి మోసం చేసే గడ్డి అని మా బాపు నాకు చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. అది పాఠమన్న సంగతి కూడా నాకు తట్టలేదు. ఆ రోజు నా బాధంతా బ్యానర్ మీద మేడం పేరు పైన, నా పేరు కింద ఉందనే. అందుకే ఫోటో తీసేటప్పుడు బురద కాళ్లతోనే తోసుకుంటూ ముందుకొచ్చి, ఆమె పేరు మీదుగా నా భుజం వచ్చేట్టు నిలబడ్డాను. ఆ ఫోటోను పట్టుబట్టి పెద్దగా అచ్చువేయించి, ప్రిన్సిపాల్ గది పక్క గోడకు కూడా నేనే కొట్టించాను.

ఫిబ్రవరిలో కమిటీ తేదీ ఖాయమైంది. నా డైరీ కొన్ననాటి తెలుపుతోనే ఉంది. ఒకరోజు మేడం పరీక్ష డ్యూటీకి పోగా ఆమె డైరీ టేబుల్ మీదే ఉంది. చుట్టూ చూసి, ముందు పేజీల్లోని ఆ ఏడాది ప్రణాళికను ఫోనుతో గబగబా ఫోటోలు తీసుకున్నాను. ఆ తర్వాత ఉన్న రోజువారీ పేజీలు చూసేంత ధైర్యం, తీరిక రెండూ లేవు. చూడాల్సిన అవసరమూ కనబడలేదు. తేదీలున్నాయి, పాఠాలున్నాయి, గది నంబర్లున్నాయి, ఇంకేం కావాలి? రెండు ఆదివారాలు ఇంట్లో కూర్చుని, ఆమె జూన్‌లో చెప్పాలనుకున్న పాఠాలన్నీ నేను అదే తేదీల్లో చెప్పేసినట్టు నా డైరీలో ఎక్కించాను. వేర్వేరు రోజుల్లో రాసినట్టుండాలని నాలుగు రకాల పెన్నులు మార్చాను. రెండు మూడు పేజీల మీద చాయ్ చుక్కలు కూడా వేశాను, పాతగా కనబడాలని. బాపు వచ్చి కాసేపు చూసి, ఏం రాస్తున్నానని అడిగాడు. చెప్పిన పాఠాలు రాస్తున్నానన్నాను. "చెప్పిననాడు రాయకపోతివా బిడ్డా?" అన్నాడు. అది మీకు తెల్వదులే బాపూ అని పెన్ను మార్చాను.

కమిటీలో ముగ్గురు. పెద్ద ఆమె బయటి నుంచి వచ్చిన రిటైర్డ్ ప్రొఫెసర్, తెల్లటి ముడి, నూలు చీర, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. మా గదికొచ్చి కూర్చుని ముందుగా నా డైరీ తీసింది. పేజీలు తిప్పుతూ, ఏడాదంతా అనుకున్న రోజుకు అనుకున్న పాఠం, ఒక్కరోజు కూడా వెనకబడలేదే అంది. నేను వినయంగా తలవంచుకుని, ఓరకంట మేడం వైపు చూశాను. ఆ తర్వాత మేడం డైరీ తెరిస్తే ఏముంది, ప్రతి రెండు పేజీలకూ ఒక కొట్టివేత. వానలకు పిల్లలు రాలేదు, పాఠం సగమే అయింది, ఈ రోజు నేను చెప్పింది పిల్లలకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పాలి. ఇవన్నీ నిజంగా రాసి పెట్టుకుందా అని నాకు జాలి కూడా కలిగింది. కుళ్లు తీరిన వాళ్లకు కలిగే జాలి అది, చాలా హాయిగా ఉంటుంది. వచ్చే ఏడాది ఫ్యానును ఎటు తిప్పుకోవాలో కూడా ఆలోచించేశాను.

అప్పుడు ఆ పెద్దావిడ, బయట గోడ మీది ఫోటోలో పొలంలో ఉన్నది మీరే కదా అని అడిగింది. నేనే మేడం అన్నాను, ఛాతీ కొంచెం విరుచుకునే అన్నాను. ఆమె ఫోటో కింది తేదీ చెప్పి, నా డైరీలో అదే తేదీ పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది. పదింటి నుంచి పదకొండు దాకా, పన్నెండో నంబరు గది, ఎడారి మొక్కలు. పెద్ద సార్ మంచినీళ్ల సీసా మూత తీసి తాగడం మొదలుపెట్టాడు, ఎంతకూ ఆపడే. అప్పుడైనా నోరు మూసుకోవాలా? పొద్దున క్లాసు చెప్పేసి బయలుదేరాం మేడం అన్నాను. "ఫోటోలో టైము పదిన్నర అని ఉంది బాబూ" అంది ఆమె, తిట్టినట్టు కాకుండా మామూలుగానే.

మేడం ప్రణాళిక జూన్‌లో రాసుకున్నది, ఆగస్టులో ప్రిన్సిపాల్‌కు ట్రిప్పు ఆలోచన వస్తుందని దానికేం తెలుసు? వానలకు కాలేజీలు మూసిన రోజు కూడా నేను పాఠం చెప్పే ఉంటానని అప్పుడు గుర్తొచ్చింది. పెద్దావిడ అంతదాకా పోలేదు. మేడం డైరీలో ఆ ట్రిప్పు రోజు పేజీ తీసి, తనలో తాను కాసేపు చదువుకుని, తర్వాత అందరికీ వినబడేలా చదివింది.

"పాలంపేట. నా ప్లాన్ బస్సు పంక్చర్‌తోనే పోయింది. బీ సెక్షన్ సార్ బురదలో దిగి వరి దుబ్బు పట్టుకుని గంటసేపు చెప్పారు. నా సెక్షన్ పిల్లలు కూడా ఆయన చుట్టే ఉన్నారు. నా పాఠం వాళ్లు ఏనాడూ అట్లా వినలేదు. నేను గట్టు మీదే నిలబడ్డాను. చాలా అసూయ కలిగింది. వచ్చేసారి నేనూ దిగాలి."

మేడం చెవుల దాకా ఎర్రబడి, పైటకొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నేను ఎటు చూడాలో తెలియక ఫ్యాను వైపు చూశాను. పెద్దావిడ రెండు డైరీలూ మూసి, నా డైరీ నా ముందుకు జరిపింది. "చెప్పని పాఠాలన్నీ రాసుకున్నారు. బాగా చెప్పిన ఒక్క పాఠం మాత్రం రాయలేదు" అంది. ఇన్నేళ్లలో నన్ను ఎందరో తిట్టారు, కొన్ని తిట్లు మరిచిపోయాను కూడా. ఇది తిట్టు కాకపోయినా మరుపు రాలేదు.

వారం తిరక్కుండానే పెద్ద సార్ పిలిచి మేడం ఉంటుందని చెప్పాడు. నాకూ అది న్యాయంగానే తోచింది, తోచినందుకు ఒళ్లు మండింది కూడా. ఆ సాయంత్రం గేటు బయట చాయ్ బండి దగ్గర ఆమె కనబడి, తనే రెండు చాయ్‌లు చెప్పింది. ప్రణాళిక ఫోటోలు తీసుకున్నది నేనేనని ఒప్పేసుకున్నాను. ఆమె తాపీగా ఊదుకుని ఒక గుక్క తాగి, "నాకు ఆ దినమే తెలుసు సార్, డైరీ అంచులు కలిసి లేకుండె. అడిగితే నేనే ఇస్తుంటి కద" అంది. ఇక సిగ్గు పడటానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, నన్ను కమిటీ వచ్చిన నాటి నుంచి తొలుస్తున్నది అడిగేశాను: ఆ రోజు నిజంగానే కుళ్లుకున్నరా మేడం, లేకపోతే రాతకోసం రాసిన్రా అని.

"మస్తు కుళ్లుకున్న సార్" అంది. "రెండు దినాలు అన్నం సయించలే. మీకేమో అదసలు పట్టనే లేదు. ఫోటోల మీ భుజం మంచిగ పడ్డదా లేదా అని చూసుకుంటున్నరు."

నేనూ ఏడాది పొడవునా ఆమెను చూసి కుళ్లుకుంటూనే ఉన్నానని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఎందుకో చెప్పలేదు. చెబితే నా మీద ఆమెకున్న ఆ కాస్త కుళ్లు కూడా పోతుందని భయపడ్డానేమో. ఇంటికి పోయి బాపుతో ఉద్యోగం పోయిందని చెప్పాను. ఆయన నా మొహం వైపు చాలాసేపు చూసి, నౌకరి పోయినోడు ఇట్లా నవ్వుతడా అని అమ్మను పిలిచాడు. కారణం చెబితే ఆయనకు అర్థమయ్యేది కాదు. మట్టెవాడ ప్లానింగ్ మేడం నా వల్ల రెండు రోజులు అన్నం తినలేదు, అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు ఎవరిస్తారు?

ఇప్పుడు ఇంకో కాలేజీలో చెబుతున్నాను, డైరీ ఏ రోజుది ఆ రోజే రాస్తాను, కొట్టివేతలతో సహా. ఆమె ఇప్పుడు ఆ పాత కాలేజీలోనే డిపార్ట్‌మెంట్ హెడ్. మీటింగుల్లో అప్పుడప్పుడు కలుస్తుంది, ఇప్పటికీ ఫైలు అంచులు కలిపే పట్టుకుంటుంది, నాకు ఇప్పటికీ కొంచెం మండుతుంది. మొన్న కలిసినప్పుడు, ఈ మధ్య పిల్లల్ని పొలాలకు తీసుకుపోతే తనే ముందుగా బురదలో దిగుతోందని, నడుము నొప్పి పెడుతోందని చెప్పింది. పిల్లలు బాగా వింటున్నారా అని అడిగాను. మస్తు వింటున్నరు సార్ అంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.