నాగలక్ష్మి చూసిన ఇల్లు

పదేళ్లకు పైగా ఒక్క మాటను మోస్తున్నాను. ఎవరో నన్నన్న మాట కాదు, నేనన్నదే. ఒక సాయంత్రం ఒకావిడ వరండాలో కూర్చుని, ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ అన్నాను. ఆ మాట వల్ల నాకు ఇల్లొచ్చింది. నా స్నేహితురాలికి పోయింది. ఈ సంగతి మావారికి తెలియదు. మా అమ్మాయికీ తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

ఆమెను నాగలక్ష్మి అంటాను. అసలు పేరు అది కాదు.

గుంటూరులో మిర్చి యార్డుకు వెళ్లే దారిలో, నాలుగు పోర్షన్ల ఇంట్లో, మా రెండు కుటుంబాలూ పక్కపక్కన అద్దెకుండేవి. మధ్యన ఒక్క గోడే. మావారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. నాగలక్ష్మిది చీరాల, మగ్గం మీద బతికిన కుటుంబం. వాళ్లాయన బట్టల కొట్లో పనిచేసేవాడు. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది, చీరలకు ఫాల్సు వేసేది.

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ముక్కుకు మిరపఘాటు తగులుతుంది. సీజన్లో గాలి యార్డు వైపు నుంచి తిరిగిందంటే నాలుగు పోర్షన్లలోనూ తుమ్ములే. ఎవరి తుమ్ము ఎవరిదో గోడల్లోంచి గుర్తుపట్టి నవ్వుకునేవాళ్లం. అవతల మిషను చప్పుడు ఆగిందంటే నాగలక్ష్మి టీ పెడుతోందని అర్థం. కాసేపటికి "వదినా" అని పిలుపు వినిపించేది. ఆమె గోంగూర నూరితే సగం మా గిన్నెలోకి వచ్చేది. మా అమ్మాయి పరీక్షలకు వాళ్ల పోర్షన్లోనే కూర్చుని చదివేది, అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందని.

ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కాదు. కానీ గోడకు మేకు కొట్టనిచ్చేవాళ్లు కాదు. క్యాలెండరును కిటికీ ఊచకు దారంతో కట్టుకునేవాళ్లం. వాళ్లు మోటారు వేసినప్పుడే నీళ్లు. చుట్టాలొచ్చి రెండు రోజులు ఉంటే ఇంటావిడ పలకరింపు మారిపోయేది. ఇవన్నీ చిన్న విషయాలే. రోజూ జరిగితే మాత్రం చిన్నవిగా ఉండవు.

ఆదివారం సాయంత్రాలు నేనూ నాగలక్ష్మీ నడకకు వెళ్లేవాళ్లం. నడకని చెప్పుకోవడమే గానీ, ఇళ్లు చూడ్డానికి. కొత్త కాలనీల్లో, పాత సందుల్లో తిరుగుతూ, ఎవరెవరి ఇళ్లనో మాలో మేం పంచేసుకునేవాళ్లం. "ఆ గుమ్మం నాకు. పెరడు నీకిచ్చేస్తా వదినా" అనేది. మేడ మీద బట్టలారేస్తున్న ఇంటివాళ్లు మమ్మల్ని అనుమానంగా చూస్తే, పకపకా నవ్వుకుంటూ పరుగులాంటి నడకతో సందు మలుపు తిరిగేవాళ్లం. నా జీవితంలో అంత నవ్విన రోజులు మళ్లీ లేవు. ఇది రాస్తుంటే కూడా ముందు ఆ నవ్వే గుర్తొస్తోంది, తర్వాతే తప్పు.

కొనాలని మేమూ ప్రయత్నించకపోలేదు. మావారి జీతంలో సగం చేతికిచ్చేవారు, బ్యాంకులో పడేది కాదు. బ్యాంకువాళ్లు లెక్కలోకి తీసుకున్న జీతానికి వచ్చే లోను ఊరవతల స్థలానికి కూడా చాలేది కాదు. మేం కొంత కూడబెట్టుకుని వెళ్లేసరికి ధర ఇంకాస్త ముందుకు వెళ్లిపోయి ఉండేది. గోరంట్ల వైపు ఒక ఫ్లాటు చూసి, మావారు మెట్ల మీదే కూర్చుండిపోయారొకసారి. "మన వల్ల కాదులే" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

అప్పుడు నాగలక్ష్మికి ఆ ఇల్లు కనిపించింది.

ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ, రిటైరైన నర్సు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి ఉండాలని బాపట్ల వెళ్లిపోతూ ఇల్లు అమ్మాలనుకుంది. రెండు గదులు, వంటిల్లు, వరండా, వెనక కాస్త పెరడు. బిల్డర్లు ఎక్కువిస్తామని తిరుగుతున్నా ఇవ్వలేదు. ఉండటానికి కొనుక్కునేవాళ్లకైతే తక్కువకే ఇస్తానంది. నాగలక్ష్మిని చూసి ముచ్చటపడి మాటిచ్చింది. మూఢం వెళ్లాక అడ్వాన్సు ఇద్దామనుకున్నారు వీళ్లు.

"ఓసారి వచ్చి చూడొదినా. నువ్వు బాగుందంటే నాకు ధైర్యం" అని నన్ను తీసుకెళ్లింది నాగలక్ష్మి.

వెళ్లాను. లోపలి గదిలో తూర్పు కిటికీ కింద మోకాళ్ల మీద కూర్చుని, మెడలో ఉన్న టేపు తీసి కొలిచింది. "మిషను సరిపోద్దొదినా! ఎలుగంతా సూది మీదే పడుద్ది" అంది. ఆ మొహం నాకింకా గుర్తుంది. నేను "బాగుంది" అన్నాను. అబద్ధం కాదు. బాగుండబట్టే కదా నాలో అంత మంట పుట్టింది.

ఇంటికొచ్చి వంట చేస్తున్నాను. చేతులు పనిచేస్తున్నాయి గానీ మనసు ఆ పెరట్లోనే ఉంది. వాళ్లకెలా దొరికింది? నేను చదువుకున్నదాన్ని, ఇద్దరం సంపాదిస్తున్నాం, ఊళ్లో మావారి వాటాకు పత్తి చేను ఉంది. మాకు దొరకనిది వాళ్లకెలా? నాకంటే తక్కువదని ఆమెను ఎప్పుడూ అనుకోలేదని నా నమ్మకం. ఆ రోజు తెలిసింది, అనుకుంటూనే ఉన్నానని.

కొన్నాళ్లకు నాగలక్ష్మి, కుట్టిన జాకెట్లు కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. "నీ స్కూలు దారే కదొదినా, నర్సమ్మగారికి ఇచ్చేసిరా" అంది. అలా ఆమె మనిషిగానే ఆ గుమ్మం ఎక్కాను.

నర్సమ్మగారు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

"మీ స్నేహితురాలు మంచి పిల్లమ్మా. ఈ ఇంటిని కూల్చేవాళ్ల చేతిలో పడకూడదనే నా బాధంతా. ఇది కట్టించేటప్పుడు నైట్ డ్యూటీ నుంచి వచ్చి, నిద్ర కూడా పోకుండా గోడలు తడిపేదాన్ని" అన్నారు.

వాళ్లు అలాంటివాళ్లు కాదండీ అనాల్సిన చోటు అది. అందుకే ఆవిడ ఆగారు. నేను అన్నది వేరు.

"వాళ్ల తమ్ముడు విజయవాడలో బిల్డరు దగ్గరే పనిచేస్తాడు కదండీ. మీకు చెప్పలేదా?"

ఆవిడ కప్పు కింద పెట్టేశారు. "బిల్డరు దగ్గరా?"

"అవునండీ. అపార్ట్‌మెంట్లు కడతారు వాళ్లు. ఇది అందుకోసమేనో కాదో... నాకు పూర్తిగా తెలియదనుకోండి."

ఆవిడ లేచి వరండా గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తర్వాత, "మీరు కూడా ఇల్లు చూస్తున్నారట కదూ?" అన్నారు.

"చూస్తున్నామండీ. మాకు ఉండటానికే."

అంతే. నాగలక్ష్మికి తమ్ముడున్న మాట నిజం. బిల్డరు దగ్గర పనిచేసే మాటా నిజం. సెంట్రింగ్ పని. చెక్కలు మోసి, ఇనుప రాడ్ల మధ్య ఎండలో నిలబడే కూలి పని. ఆ సంగతి నాకు తెలుసు. అతను మా వాకిట్లో కూర్చుని అన్నం తిన్నాడు, పగిలిన అరచేతులకు నేనే కొబ్బరినూనె ఇచ్చాను. నేను అబద్ధం చెప్పలేదని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. నిజాన్నే వాడుకుని అంత అబద్ధం చెప్పొచ్చని నాకెవరూ నేర్పలేదు. ఆ క్షణంలో ఎలా వచ్చిందో నాకు! ముందే అనుకుని వెళ్లానా? చాలాసార్లు అడిగాను నన్ను నేను. అనుకోలేదనే చెబుతాను. కానీ ఆ రోజు స్కూలుకు మంచి చీర కట్టుకెళ్లాను. ఎందుకు కట్టుకున్నానో మాత్రం చెప్పలేను.

నర్సమ్మగారు నాగలక్ష్మికి కారణం చెప్పలేదు. వేరేవాళ్లకు మాటిచ్చానన్నారు. నాగలక్ష్మి తిన్నగా మా పోర్షన్లోకి వచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను. ఆ చేయి నాదేనా అనిపిస్తుంది ఇప్పుడు తలచుకుంటే.

ఆ తర్వాత నర్సమ్మగారే మమ్మల్ని పిలిపించారు. పత్తి చేను అమ్మాం, నా గాజులు అమ్మాం, తక్కువపడినదానికి లోను తెచ్చాం. నాగలక్ష్మితో ఏం చెప్పానంటే, కొంటామన్నవాళ్లు తప్పుకున్నారట, ఆవిడే మమ్మల్ని అడిగింది, నీ మొహం చూసి వద్దన్నాను, మీ అన్నయ్యే వినలేదు అని. తప్పు మావారి మీదకు కూడా కాస్త తోశానన్నమాట. ఆమె మెడలోని టేపు తీసి చుట్టుకుంటూ, "పోన్లే వదినా. బయటోళ్లకి పోకుండా నీకే వచ్చింది. నేను వస్తాపోతా ఉండొచ్చు" అంది. గృహప్రవేశానికి నా జాకెట్టు కుట్టి డబ్బులు పుచ్చుకోలేదు. చీకటి విడవకముందే వచ్చి వాకిట్లో ముగ్గేసింది. అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు లోపలి గదిలోకి వెళ్లి చూస్తే, ఆ కిటికీ కింద నిలబడి ఉంది. నన్ను చూసి, "బీరువా ఇక్కడ పెట్టబాకొదినా, ఎలుగు ఆగిపోద్ది" అంది.

పెట్టలేదు. ఆ చోటు చాలాకాలం ఖాళీగానే ఉంచాను. దాన్ని ప్రాయశ్చిత్తమని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా.

తర్వాతేమైందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. రాజధాని అన్నారు. తుళ్లూరు వైపు పొలాల ధరలు వింటుంటే ఇంకెవరి దేశం గురించో వింటున్నట్టుండేది. ఆ సెగ గుంటూరు సందుసందుకూ తగిలింది. నాగలక్ష్మి వాళ్లు ఇంటికని దాచుకున్నది ఒక గది ధరకు కూడా సరిపోకుండా పోయింది. మధ్యలో ధరలు తగ్గిన ఏళ్లున్నాయి. అప్పటికి వాళ్లాయన ఆరోగ్యం దెబ్బతిని, దాచిందంతా ఆసుపత్రికి పోయింది. మళ్లీ పెరిగాయి. వాళ్లు ఇళ్లు మారుతూనే ఉన్నారు. ప్రతి కొత్త అద్దింట్లోనూ పాలు పొంగించడానికి నన్ను పిలిచేది, నా చేయి మంచిదని.

నర్సమ్మగారు ఒక్కసారి వచ్చారు, ఏదో పెళ్లికొచ్చి. గోడలు తడిమి చూశారు, పెరట్లో కాసేపు నిలబడ్డారు. వెళ్తూ నా రెండు చేతులూ పట్టుకుని, "ఆ రోజు నువ్వు చెప్పబట్టి సరిపోయిందమ్మా. లేకపోతే మోసపోయేదాన్ని" అన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. ఆవిడ కళ్లల్లో అంత తృప్తి ఉంది. ఆ తృప్తిని చెడగొట్టకూడదని ఊరుకున్నానని సర్దిచెప్పుకున్నాను. ఎవరి తృప్తి కోసం ఊరుకున్నానో నాకు తెలియదా? ఆవిడ పోయి రెండేళ్లయింది.

మొన్నామధ్య నాగలక్ష్మి ఫోను చేసింది. కొడుక్కి ఉద్యోగం వచ్చింది, ఫ్లాటు చూస్తున్నారట. "నువ్వు కూడా రావాలొదినా" అంది. వెళ్లాను. ఊరవతల, అయిదో అంతస్తు. రెండు చిన్న గదులు. కొడుకు లెక్కలన్నీ చెప్పాడు. వాడికి తల నెరిసేదాకా కంతులు కట్టాలి. అయినా బ్యాంకు ఇచ్చేది చాలదట, ఇంకెక్కడో తేవాలట. నాగలక్ష్మికి మోకాళ్ల నొప్పులు. లిఫ్టు ఇంకా పెట్టలేదు, మధ్యమధ్య ఆగి ఎక్కింది. పైకొచ్చాక ఆయాసపడుతూనే నా వంక చూసి, "ఎట్టుందొదినా?" అంది.

చెప్పేద్దామనుకున్నాను. వాళ్లబ్బాయి పక్కనే ఉన్నాడు. బిల్డరు మనిషి ఉన్నాడు. ఇవన్నీ సాకులే. "బాగుంది" అన్నాను.

ఆ ఫ్లాటు వాళ్లకు కుదరలేదు. వారం తిరక్కుండా ధర పెంచేశారట. "మనకి రాసిపెట్టి లేదులే" అంది ఫోన్లో. మామూలు గొంతుతోనే అంది. అది విన్న మర్నాడు మధ్యాహ్నం నుంచి ఇది రాస్తున్నాను.

ఆమెకు చెబుతానా? తెలియదు. చెబితే నా బరువు ఆమె మీద పెట్టినట్టవుతుందంటారు కొందరు. అది కూడా నాకు అనుకూలమైన మాటే. ఈ ఇల్లు ఆమెకు ఇచ్చేస్తానా? ఇవ్వను. అదీ రాసేస్తున్నాను. మా అమ్మాయికి ఇదొక్కటే ఉంది. ఈ గదుల్లో మావారి ముసలితనం గడుస్తోంది. ఇవ్వలేనని తెలిసి క్షమించమని అడగడం బాగుండదు. అందుకని అడగడం లేదు, మిమ్మల్ని గానీ, ఆమెను గానీ.

ఇన్నాళ్లూ అదృష్టం అన్నాను, అవసరం అన్నాను, రోజులు అలాంటివి అన్నాను. రోజులు అలాంటివే, కాదనను. ఇల్లు కొనుక్కోవడం కోసం నాలాంటి వాళ్లం ఎంత దిగజారుతామో ఎవరికి వాళ్లకే తెలుసు. కానీ ఆ వరండాలో నోరు తెరిచింది రోజులు కాదు.

ఆ ఇల్లు ఆమె చూసుకుంది. నేను తీసేసుకున్నాను. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన రాయడం ఇదే మొదటిసారి. రాశాక కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఏమీ మారలేదు. ఊపిరి మాత్రం కాస్త లోపలిదాకా అందింది.