గుమ్మానికి అడ్డంగా కునుకయ్యగారు

మా పెద్ద పాస్టరు గారు ఒక ఆదివారం మొదటి నుంచి చివరిదాకా నిద్రపోతూనే ప్రసంగం చేశారు. గురకతో సహా. ఆ ప్రసంగం విని పదిమంది వెక్కి వెక్కి ఏడ్చి మారుమనసు పొందారు.

సరే, మొదటి నుంచి కాదు. మధ్యలోంచి. పదిమందీ కాదు, ఒక్కడు. వాడు ఎవరు ప్రసంగించినా మారుమనసు పొందే రకమే. కానీ నిద్రపోవడం మాత్రం నిజం. ఆ విషయంలో నేను కోతలు కోయాల్సిన పనే లేదు. కుర్చీ కనిపిస్తే చాలు, అందులో కూలబడి, కాళ్ళు బారజాపి, రెండు చేతులూ పొట్ట మీద పేర్చుకుని, టీ చల్లారేలోపు గురక పెట్టగల మనిషి ఆయన. అందుకే సంఘమంతా ఎదురుగా ‘అయ్యగారూ’ అనీ, చాటుగా ‘కునుకయ్యగారు’ అనీ పిలిచేవాళ్ళు.

ఆయనా నేనూ కాన్వెంటులో ఒకే బెంచీ. పొద్దున్నే ప్రార్థనకి అందరం మోకాళ్ళ మీద ఉండేవాళ్ళం. వీడు మోకాళ్ళ మీదే, తల వంచుకుని, హాయిగా నిద్రపోయేవాడు. “ఆ పిల్లవాడి భక్తి చూడండి! కదలడు, మెదలడు. చూసి నేర్చుకోండి” అని సిస్టరు గారు మా అందరికీ చూపించేవారు. ఆ భక్తి ఎంత లోతో చూద్దామని ఒకరోజు నేను గిల్లాను. “ఆమేన్!” అని కేక పెట్టి లేచాడు. సిస్టరు గారి కళ్ళు చెమర్చాయి. వాడికి దేవదూత బొమ్మ బహుమతి, నాకు బెంచీ మీద నిలబడే శిక్ష.

ఆ ఆమేన్ ఆయన్ని మళ్ళీ వదల్లేదు. ఎవరు లేపినా ముందు “ఆమేన్”, ఆ తరవాత “ఏమన్నారూ?”. బస్సులో కండక్టరు లేపినా అంతే. పన్ను పీకడం అయిపోయాక పళ్ళ డాక్టరు లేపినా అంతే. కునుకయ్యగారి భార్య నన్ను అన్నయ్యగారూ అంటుంది. “పెళ్ళిలో ‘ఈమెను భార్యగా అంగీకరిస్తున్నావా’ అని అడిగితే ఈయన ‘ఆమేన్, ఏమన్నారూ’ అన్నారు అన్నయ్యగారూ. అప్పుడే నేను లేచి వెళ్ళిపోవాల్సింది” అని ఇప్పటికీ అంటుంది, ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దుతూ.

మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్ళు, వడ్రంగులు. మధ్యగోడ ఎవరిదన్న గొడవలో ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. మధ్యస్థానికి కునుకయ్యగారిని పిలిచారు. ఆయన తమ్ముణ్ణి కూడా అన్న ఇంటికే పిలిపించి, ఇద్దరి మధ్యా సోఫాలో కూర్చుని, “ఊఁ, చెప్పండి” అన్నారు. వాళ్ళు చెప్పడం మొదలుపెట్టేసరికి తల తమ్ముడి భుజం మీద వాలిపోయింది.

“ఒరేయ్, నువ్వసలు మనిషివేనా?” అని అన్న గర్జించాడు.

“మెల్లిగా అరవరాదూ! అయ్యగారు పడుకున్నారు” అన్నాడు తమ్ముడు.

ఇక అక్కడి నుంచి ఆ తగువంతా గుసగుసల్లో జరిగింది. గుసగుసగా ఒకణ్ణి దుమ్మెత్తిపోయడం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి. రొమ్ము విరుచుకోవడం కుదరదు. బల్ల గుద్దడం కుదరదు. తమ్ముడు కదలలేడు, కదిలితే అయ్యగారి తల జారిపోతుంది. చివరికి అన్నే లోపలికెళ్ళి తలగడ తెచ్చి, “వాడి భుజం నొప్పి పుడుతుందేమో” అని మెల్లగా ఆయన తల కింద దూర్చాడు. వాడి భుజం! ఆ మాట నోట్లోంచి వచ్చాక వాడికే సిగ్గేసింది. సాయంత్రానికి గోడ సంగతి తేలిపోయింది. అప్పుడు కళ్ళు తెరిచి, “ఆమేన్. ఏమన్నారూ? మొదలుపెట్టండి, వింటున్నా” అన్నారు కునుకయ్యగారు.

అంతా నవ్వుకున్నాం. అదృష్టం అనుకున్నాం. అంతకుమించి ఆలోచించే తెలివి ఎవరికీ లేదు, నాతో సహా.

ఇలా నడుస్తుండగా మా చర్చికి చిన్న పాస్టరు వచ్చాడు. మంచి కుర్రాడు. మెట్లు ఎక్కడు, ఎగురుతాడు. అతను వచ్చాక రక్తదానం, కళ్ళ పరీక్షలు, ముసలివాళ్ళకి కంప్యూటరు పాఠాలు, ఊపిరాడకుండా మొదలయ్యాయి. చర్చి వెనక వీధిలో ఇంటింటికీ వెళ్ళి పలకరించాలన్నది అతని ముఖ్య కార్యక్రమం. గుమ్మంలో నమస్కారం, లోపల ప్రార్థన, కావలసినవి కనుక్కోవడం, ఫోనులో పెట్టుకున్న అలారం గంట కొట్టగానే పక్కింటికి. తోడు కునుకయ్యగారు.

పాపం, చిన్న పాస్టరు వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి పెద్ద పాస్టరు గారు మొదటి ఇంట్లోనే ఉండేవారు. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేయించుకుని, కాళ్ళు అటు ద్వారబంధానికి ఆనించి, నిద్ర. “ఇక్కడ గాలి బావుంటుందమ్మా” అనేవారట. ఎండాకాలమైనా అదే మాట, ముసురు పట్టినా అదే మాట. రోజూ మధ్యాహ్నం అదే ఇల్లు, అదే గుమ్మం.

అది టైలరమ్మ ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక వంటగది, అంతే. ఆవిడా, వాళ్ళమ్మా ఉంటారు. వాళ్ళమ్మ ఒకప్పుడు పసిపిల్లల కేంద్రంలో ఆయా. వీధిలో సగం మందిని ఆవిడే జోకొట్టి పడుకోబెట్టింది కాబట్టి అందరికీ ‘ఆయమ్మ’. ఇప్పుడు ఆయమ్మకి జ్ఞాపకం చెదిరిపోయింది. కూతురు కాస్త కునుకు తీస్తే చాలు, “ఇంటికెళ్ళాలి” అంటూ చెప్పులు కూడా లేకుండా బయల్దేరుతుంది. ఇల్లు ఏదంటే ఇంట్లో ఉండే చెప్తుంది, ఇది కాదని. ఒకసారి బస్సు డిపోలో దొరికింది. దాంతో కొడుకు పక్క ఊరి నుంచి ఫోను చేశాడు: “చెల్లీ, ఇంకొక్కసారి అమ్మ రోడ్డెక్కిందంటే వృద్ధాశ్రమంలో చేర్పించేస్తాను. నీ వల్ల కాదు.” పగలు మిషను, రాత్రి కాపలా. టైలరమ్మ కళ్ళు గుంటలు పడి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళని పిలిచే స్థితికి వచ్చింది.

అలాంటి ఇంటికి వెళ్ళి నిద్రపోవడమా? సంఘ పెద్దలం కూర్చున్నాం. నేనూ ఒక పెద్దనే, నమ్మండి.

“వీధివాళ్ళు నవ్వుతున్నారు. ఆవిడకే ఊపిరాడటం లేదు, పైన ఈయన్నొకరిని చూసుకోవాలా?” అన్నాడు చిన్న పాస్టరు. కోపం కాదు, బాధ.

కునుకయ్యగారు ఇక ఇళ్ళకి వెళ్ళకుండా చర్చిలోనే ఉంటే మేలని అందరూ అన్నారు. చెప్పే పని స్నేహితుణ్ణని నా నెత్తిన పెట్టారు. ముందు వాళ్ళావిడ చెవిన వేద్దామని వెళ్ళాను.

“ఏం చెల్లెమ్మా, అక్కడ అంత పడుకుని ఇంటికొచ్చి మళ్ళీ పడుకుంటాడా?”

“అదే నాకూ అంతు పట్టదు అన్నయ్యగారూ. ఇంట్లో పట్టపగలు రెప్ప వాల్చరు. ఈ మధ్య ఎవరింటికైనా వెళ్తేనే వస్తుంది ఆ మాయదారి నిద్ర.”

ఆ మాట నా బుర్రలో ఒక మూల కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం చిన్న పాస్టరూ నేనూ టైలరమ్మ ఇంటికి బయల్దేరాం.

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కలలో చూసినట్టే ఉంటుంది. వీధంతా ఎండకి మెత్తబడిపోయి ఉంది. కుక్క కూడా తన నీడలో తనే పడుకుంది. టైలరమ్మ వాకిట్లో ఆరేసిన కొత్త గుడ్డలు, పసుపూ నీలమూ, గాలికి ఊపిరి తీసుకుంటున్నట్టు పొంగి తగ్గుతున్నాయి. వాటిలోంచి దిగిన వెలుగు గుమ్మం మీద రంగులు మారుతోంది. ఆ రంగుల్లో మా కునుకయ్యగారు, కాళ్ళు బారజాపి, నోరు కొంచెం తెరిచి. ఆ గురకకి ఆరేసిన గుడ్డలు తాళం వేస్తున్నాయి. సరే, గాలికే కదిలాయేమో, వదిలేయండి.

ఆయన పక్కన ముక్కాలిపీట మీద ఆయమ్మ. ఒక చేత్తో అట్టముక్కతో విసురుతోంది. రెండో చేత్తో ఆయన భుజం మీద మెత్తగా జోకొడుతోంది. మమ్మల్ని చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

“ష్... ఇప్పుడే పడుకున్నాడు. ఎంత పేచీ పెట్టాడనుకున్నారు!”

“ఆయమ్మా, మేం అయ్యగారితో...” అని చిన్న పాస్టరు మొదలుపెట్టాడు.

“పిల్లలు పడుకుంటే మాట్లాడకూడదు. గది వదిలి పోకూడదు. మా కేంద్రంలో అదే పద్ధతి. లేచాక రా బాబూ.”

నేను తల వంచి లోపలికి చూశాను. మిషను కింద, కత్తిరించి పారేసిన గుడ్డముక్కల మీద, టైలరమ్మ నిద్రపోతోంది. మెడలో టేపు అలాగే ఉంది. మనిషి బావిలో పడ్డ రాయిలా నిద్రపోతోంది.

సరిగ్గా అప్పుడు చిన్న పాస్టరు ఫోను పక్కింటికి పదమని గంట కొట్టింది. ఆయమ్మకి కోపం వచ్చేసింది. “ఇవ్వు ఇటు, ఆ ఆటబొమ్మ!” అని లాక్కుంది. అతని మొహం ఎగాదిగా చూసి, చెంప మీద చెయ్యి వేసి, “అయ్యో, నీ కళ్ళేమిట్రా ఇలా ఉన్నాయి? నువ్వూ పడుకో” అంది.

“నేనా? నాకింకా వీధంతా...”

“పడుకో అన్నానా?”

కాన్వెంటులో సిస్టరు గారి గొంతు తరవాత అంతటి గొంతు నేను వినలేదు. చిన్న పాస్టరు బుద్ధిగా అరుగు మీద ఒరిగాడు. ఆవిడ రెండు సార్లు జోకొట్టిందో లేదో, నిద్రపోయాడు. వచ్చిన దగ్గర నుంచి ఆ కుర్రాడు ఒక్క పూట ఆగడం మేమెవరమూ చూడలేదు. ఆగమని ఎవరమూ చెప్పనూ లేదు.

ఆయమ్మ కాసేపు వీధికేసి చూసింది. ఏదో గుర్తొచ్చినట్టు, “ఇంటికెళ్ళాలి” అంటూ లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఒక అడుగు వేసింది, రెండో అడుగు వేసింది. నేను లేవబోయాను. అంతలో గురక ఆగింది.

గురక ఆగి, డెబ్భై ఏళ్ళ మా పెద్ద పాస్టరు గారు, నెరిసిన గడ్డంతో, కళ్ళజోడుతో, చంటిపిల్లాడిలా చిన్న మూలుగు మూలిగి, పెదవి విరిచారు.

“వచ్చేశా, వచ్చేశా, ఇక్కడే ఉన్నాగా” అంటూ ఆయమ్మ పరుగున వచ్చి పీట మీద కూర్చుంది. చెయ్యి మళ్ళీ భుజం మీద ఆడింది. వీధి సంగతే మరిచిపోయింది. గురక మళ్ళీ అందుకుంది, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన ఎడమ కన్ను మాత్రం కాస్త తెరుచుకుంది. ‘నోరు మూసుకుని కూర్చోరా’ అన్న మాట ఒక కన్నుతో అంత స్పష్టంగా చెప్పొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఎండ అరుగు దిగాక టైలరమ్మ లేచింది. కళ్ళు నులుముకుంటూ వచ్చి సూదిలో దారం తనే ఎక్కించుకుంది. మిషను కదిలిన చప్పుడుకి చిన్న పాస్టరు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

“ఆమేన్! ఏమన్నారూ?” అన్నాడు.

ఆ ఆదివారం ప్రకటనల్లో చిన్న పాస్టరు ఇలా చెప్పాడు: “చర్చి వెనక వీధిలో మధ్యాహ్నం పూట నిద్రపోవడానికి మనుషులు కావాలి. పెద్ద పాస్టరు గారు రాలేని రోజుల్లో నేను వెళ్తాను. ఇంకెవరైనా వస్తారా?” మా సంఘ చరిత్రలో ఏ సేవకీ అన్ని చేతులు లేవలేదు. వడ్రంగి అన్నదమ్ములిద్దరూ చేతులెత్తారు. మారుమనసు పొందేవాడు రెండు చేతులూ ఎత్తాడు.

ఆ తరవాత కొద్ది రోజులకి కొడుకు కారేసుకుని అమ్మని తీసుకుపోవడానికి వచ్చాడు. గుమ్మంలో కునుకయ్యగారు, అరుగు మీద వడ్రంగులు, అందరూ గురక. లోపలికి దారి లేదు. ఆయమ్మ వేలు పెదాల మీద పెట్టి, కొడుకుని పీట పక్కన కూర్చోబెట్టి, “ఒళ్ళో తల పెట్టుకో” అంది. ఎవరని అనుకుందో తెలియదు. పెట్టుకున్నాడు. సాయంత్రం ఖాళీ కారుతోనే వెళ్ళాడు. “ఆదివారాలు నేను వస్తాలే చెల్లీ, నువ్వు పడుకో” అని చెప్పి మరీ వెళ్ళాడు.

ఇదంతా రాసి నిన్న మధ్యాహ్నం కునుకయ్యగారికే చదివి వినిపించాను. నాకు మోకాలి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు మెట్లు దిగొద్దని డాక్టరు, కదలనివ్వొద్దని మా కోడలు. సరిగ్గా అప్పటి నుంచి కునుకయ్యగారు రోజూ మా ఇంటికి వచ్చి, గాలి బావుందని గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుంటున్నారు. చివరి వాక్యం చదివి తలెత్తి చూస్తే, గురక. సరే, ఈ సందులో వీధి చివరిదాకా వెళ్ళొద్దామని చప్పుడు కాకుండా చేతికర్ర అందుకున్నాను.

గురక ఆగింది. సన్నగా ఒక మూలుగు వినిపించింది.

“నాటకాలు ఆడకురా! అంతా రాసేశాను” అన్నాను.

“ఆమేన్. ఏమన్నావూ?” అన్నారు కళ్ళు తెరవకుండానే. “ఒరేయ్ కోతలరాయుడూ, నువ్వు రాసినదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. ఆ ఇంట్లో నేను నిజంగానే నిద్రపోయాను. ఇప్పుడు కూడా నిద్రలోనే ఉన్నాను. కర్ర అక్కడ పెట్టు.”